పిల్లల తూకంలో అబద్ధం



పంచశీలంలో నాలుగవది ముసావాద విరమణం. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ తన అనుయాయుల చేత చేయించిన 22 ప్రతిజ్ఞలలోనూ అసత్యమాడనన్న ప్రతిజ్ఞ ఒకటి ఉన్నది. మన విహారాలలో ఆదివారపు తరగతికి వచ్చే ఆరేళ్ల పిల్లవాడు కూడా ఆ శీలాన్ని తడబడకుండా చెప్పగలడు. చెప్పిన తరువాత ఇంటికి, వీధికి, బడికి వెళ్తాడు. అక్కడ రకరకాల అబద్ధాలు వింటాడు, కొన్ని తానూ ఆడతాడు. అయితే వాటన్నిటినీ ఒకే గాటన కట్టడు. ఒకదాన్ని తప్పంటాడు, ఒకదాన్ని మర్యాద అంటాడు, మరొకదాన్ని మంచితనమే అంటాడు. ఈ తూకపురాళ్లు వాడికి ఎవరిచ్చారు? నిర్వాహకులు నన్ను శీలం గురించి మాట్లాడమన్నారు. శీలం గురించి పెద్దలు చెప్పినది మనం చాలా విన్నాము. కాబట్టి ఈ రోజు దేశదేశాల పిల్లలు చెప్పినదాన్ని మీ ముందుంచదలచాను.

పిల్లలను కూర్చోబెట్టి అబద్ధం గురించి ఓపికగా అడిగిన తొలితరం పండితులలో స్విట్జర్లాండుకు చెందిన జీన్ పియాజే ముఖ్యుడు. పిల్లల నైతిక నిర్ణయాలపై ఆయన గ్రంథం 1932లో వెలువడింది. ఆయన పిల్లలకు కథలను జంటలుగా చెప్పి, ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పని అడిగేవాడు. ఒక కథలో పిల్లవాడు దారిలో కుక్కను చూసి బెదిరిపోయి, ఆవంత కుక్కను చూశానని తల్లితో అంటాడు. రెండవ కథలో బడిలో మార్కులే వేయకపోయినా, పంతులమ్మ మంచి మార్కులు వేసిందని పిల్లవాడు తల్లికి చెబుతాడు. ఆమె సంతోషిస్తుంది, వాడు మెప్పు పొందుతాడు. చిన్న పిల్లలలో అనేకులు కుక్క మాటే పెద్ద అబద్ధమని తేల్చారు. ఆవంత కుక్క లోకంలో ఉండదు, మార్కులు రావడం మాత్రం రోజూ జరిగే పనే అన్నది వారి తర్కం. నిజానికి ఎంత దూరమైతే అంత పెద్ద అబద్ధమన్నమాట. పదేళ్ల ప్రాయానికి వచ్చేసరికి తీర్పు తలకిందులవుతుంది. కుక్క మాటను ఎవరూ నమ్మరు, అది బెదురులో పుట్టిన అతిశయోక్తి. మార్కుల మాట నమ్మించడానికే పుట్టినది, తల్లి నమ్మింది కూడా. అందువల్ల అదే చెడ్డది.

బుద్ధఘోషుని పేరిట ప్రసిద్ధమైన అట్ఠసాలిని చదివినవారికి ఇక్కడ ఒక చోటు గుర్తుకు వస్తుంది. ముసావాదం పూర్తి కావడానికి అక్కడ నాలుగు అంగాలు చెప్పబడ్డాయి: విషయం అసత్యం కావాలి, వంచించాలనే చిత్తం ఉండాలి, ఆ చిత్తానికి తగిన ప్రయత్నం జరగాలి, ఎదుటివాడికి ఆ అర్థం చేరాలి. అబద్ధం బరువును దాని వలన ఎదుటివాడికి కలిగే నష్టాన్ని బట్టి తూచాలని కూడా ఆ గ్రంథమే అంటుంది. కొద్దిపాటి నూనె భిక్షగా దొరికిన భిక్షువు, ఈ రోజు ఊళ్లో నూనె ఏరై పారుతోందని నవ్వులాటకు అంటే అది స్వల్పదోషమట. నూనె ఏరు, ఆవంత కుక్క ఒక జాతి మాటలే. కళ్లతో చూడనిదాన్ని చూశానని సాక్ష్యం చెప్పడం మాత్రం మహాదోషం. ఈ పోలికను చూపించి, మన గ్రంథాలలో అన్నీ ముందే ఉన్నాయని చెప్పుకోవడం నా అభిమతం కాదు. ఆ తరహా గర్వాన్ని ఇతరుల వేదికల మీద మనం తగినంతగా చూశాము. మాటను కాక మనసును చూసి తీర్పు చెప్పడం పిల్లలు క్రమంగా ఎదిగి చేరుకునే మెట్టు అని మాత్రమే నేను చెప్పదలచినది. పియాజే కథలను సులభం చేసి అడిగిన తరువాతి పరిశోధకులు, నాలుగైదేళ్ల పిల్లలకు కూడా పొరపాటుకూ అబద్ధానికీ ఉన్న తేడా కొంత తెలుసునని చూపించారు. అంటే ఆ మెట్టు పియాజే అనుకున్నంత ఎత్తున లేదు.

పియాజే అడిగినది తన దేశపు పిల్లలను. లోకంలోని పిల్లలందరూ ఇలాగే తూస్తారా అన్న ప్రశ్న చాలాకాలం మిగిలిపోయింది. చైనాలో పుట్టి కెనడాలో స్థిరపడిన కాంగ్ లీ అనే మనోవిజ్ఞానవేత్త, తన సహచరులతో కలిసి 1997లో ప్రకటించిన అధ్యయనం ఈ విషయంలో ఒక మలుపు. చైనాలోనూ కెనడాలోనూ 7, 9, 11 ఏళ్ల పిల్లలకు వారు ఒకే రకం కథలు చెప్పారు. వాటిలో ఒకదాన్ని వినండి. విరామ సమయంలో ఒక పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే తరగతి గదిని శుభ్రం చేస్తాడు. తరువాత ఉపాధ్యాయురాలు వచ్చి, ఇది ఎవరు చేశారని అడుగుతుంది. వాడు, నేను కాదంటాడు.

కెనడా పిల్లలకు ఇందులో సందేహం లేదు. చేసిన పనిని చేయలేదనడం అబద్ధం, అబద్ధం మంచిది కాదు. మంచి పని చేసినవాడు చేశానని చెబితే దానిలో తప్పేమిటి? చైనా పిల్లల తీర్పు వేరుగా ఉన్నది. నేను కాదన్న పిల్లవాడిని వారు అంతగా తప్పుపట్టలేదు. నేనే చేశానని చెప్పుకొన్న పిల్లవాడిని అంతగా మెచ్చుకోలేదు. వయసు పెరిగిన కొద్దీ ఈ ధోరణి బలపడింది. అంటే పుట్టుకతో వచ్చినది కాదు, పెంపకంతో వచ్చినది. చేసిన మేలును చాటుకోకూడదని, మెప్పు కోసం చేసినది మేలే కాదని చైనాలో ఇంట్లోనూ బడిలోనూ నేర్పుతారు. 1963లో మావో పిలుపుతో మొదలైన లై ఫెంగ్ ప్రచారంలో, పేరు చెప్పకుండా సాయం చేసే ఆ యువ సైనికుడు పాఠ్యపుస్తకాలలోకి ఎక్కాడు. అయితే దీనిని కమ్యూనిస్టు బడిచదువుకే అంటగట్టడం సరికాదు. తరువాతి అధ్యయనంలో తైవాన్ పిల్లలలో కూడా ఈ ఛాయ కనిపించింది. వినయం అక్కడ పాలకుల కంటే పాతది.

మరొక రకం కథలు కూడా ఆ పిల్లలకే చెప్పారు. వాటిలో పిల్లవాడు చెడ్డ పని చేస్తాడు, అడిగితే నేను కాదంటాడు. ఇక్కడ రెండు దేశాల పిల్లలూ ఒక్కటే మాట అన్నారు. ఆ అబద్ధం చెడ్డది, తప్పు ఒప్పుకోవడం మంచిది. చేసిన తప్పును కప్పిపుచ్చుకునే అబద్ధం దగ్గర సముద్రానికి అటూ ఇటూ ఉన్న పిల్లలు ఏకమయ్యారు. చేసిన మేలును దాచుకునే అబద్ధం దగ్గర విడిపోయారు.

కెనడా పిల్లలు సరా, చైనా పిల్లలు సరా అని మన తరగతులలో అడిగితే వాదన తెగదు. ఇక్కడ వినయ పిటకం నాకు ఒక దారి చూపింది. వజ్జి దేశంలో కరువు వచ్చినప్పుడు వగ్గుముదా నదీతీరంలో వర్షావాసం గడిపిన భిక్షువులు, భిక్ష కోసం ఒకరి సిద్ధులను మరొకరు గృహస్థుల ముందు పొగిడారు. బుద్ధుడు దానిని తీవ్రంగా మందలించాడు. లేని లోకోత్తర సిద్ధిని ఉన్నట్లు చెప్పుకొన్న భిక్షువు సంఘంలో ఇక ఉండరాదన్నది నాలుగవ పారాజికం. దానికి తోడు పాచిత్తియాలలో ఇంకొక నియమం ఉన్నది. ఆ సిద్ధి నిజంగా ఉన్నప్పటికీ, ఉపసంపద పొందని వారికి చెప్పుకోవడం దోషమే. అంటే తన గొప్ప తాను చెప్పుకోవడం నిజమైనా కూడదు. అంతవరకు చైనా పిల్లల పక్షం. కాని లేదని బొంకమని వినయం ఎక్కడా చెప్పలేదు. అది కెనడా పిల్లల పక్షం. చెప్పకుండా ఊరుకోవడమనే మూడవ దారి ఒకటి ఉన్నదని భిక్షుసంఘం గుర్తించింది. ఉపాధ్యాయురాలు సూటిగా అడిగినప్పుడు ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆ దారి దొరుకుతుందా అంటే, ఎవరైనా ముందుగా చూపించి ఉంటే దొరుకుతుంది. ఈ మూడవ దారి దగ్గరకు మళ్లీ వస్తాను.

ఆ బృందమే 2007లో మరొక ప్రశ్న వేసింది. ఒక అబద్ధం వల్ల స్నేహితుడికి మేలు, తరగతికి కీడు జరుగుతుంది. ఇంకొక అబద్ధం వల్ల తరగతికి మేలు, స్నేహితుడికి కీడు. నువ్వైతే ఏం చెబుతావు? చైనా పిల్లలు తరగతిని కాపాడే అబద్ధం వైపు మొగ్గారు. కెనడా పిల్లలు స్నేహితుడిని కాపాడే అబద్ధం వైపు మొగ్గారు. ఇది విన్నవెంటనే, తూర్పు వారిది సమష్టి ధర్మం, పడమటి వారిది వ్యక్తి ధర్మం అని ఉపన్యాసకులు చప్పట్లు కొట్టించుకుంటారు. కొంచెం ఆగాలి. 2010లో వెలువడిన ఇంకొక అధ్యయనంలో, అమెరికాకూ చైనాకూ చెందిన 374 మంది పిల్లలను ఒక సూక్ష్మమైన ప్రశ్న అడిగారు. మన గుంపే తప్పు చేసింది. దాన్ని కప్పిపుచ్చడానికి గుంపులో ఒకడు అబద్ధమాడాడు. వాడు చేసినది మంచిదా? సమష్టి సమాజపు పిల్లలు సరేనంటారని అనుకుంటాము. జరిగినది అందుకు విరుద్ధం. అటువంటి అబద్ధాన్ని అమెరికా పిల్లల కంటే చైనా పిల్లలే ఎక్కువగా తప్పుపట్టారు. గుంపుకు మేలు చేయడం వేరు, గుంపు చేసిన తప్పును దాచడం వేరని వారికి తెలుసు. సంఘం పరువు పోతుందని లెక్కల పుస్తకాన్ని మూసి పెట్టే పెద్దలు ఏ సంఘంలో ఉన్నా, ఆ పిల్లల ముందు కొంతసేపు కూర్చోవడం మంచిది.

ఇప్పటిదాకా చెప్పినది పిల్లల తీర్పుల గురించి. ఆ తీర్పులు తయారయ్యే చోటు ఇల్లు. గెయిల్ హేమన్ అనే పండితురాలు తన సహచరులతో కలిసి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, పిల్లలను దారికి తేవడానికి తాము అబద్ధాలాడుతున్నామని అమెరికా తల్లిదండ్రులలో 84 శాతం, చైనా తల్లిదండ్రులలో 98 శాతం ఒప్పుకున్నారు. రెండు దేశాలలోనూ అందరి నోటా ఉన్న అబద్ధం ఒక్కటే: ఇప్పుడు రాకపోతే నిన్ను ఇక్కడే వదిలేసి వెళ్లిపోతాను. ఇది విని నవ్విన తల్లులను ఈ సభలోనే చూస్తున్నాను. బూచాడిని, పోలీసును, సూదిమందు డాక్టరును అన్నం గిన్నె పక్కన కూర్చోబెట్టని ఇల్లు మనలో ఎన్ని?

ఈ అబద్ధాలు గాలికి పోతాయనుకోవడానికి వీలులేదు. అమెరికాలోని శాన్ డియేగోలో 2014లో వెలువడిన ఒక ప్రయోగంలో, పక్క గదిలో పెద్ద గిన్నెడు మిఠాయిలు ఉన్నాయని కొందరు పిల్లలకు చెప్పి, తరువాత ఏమీ లేవని, మిమ్మల్ని ఆటకు రప్పించడానికి అలా అన్నానని పరిశోధకురాలు ఒప్పుకున్నది. మరికొందరికి ఆ మాట చెప్పలేదు. ఆ తరువాత ఇరువురికీ ఒకే పరీక్ష పెట్టారు. వెనుక ఉన్న బొమ్మను చూడవద్దని చెప్పి గది విడిచి వెళ్లి, తిరిగి వచ్చి చూశావా అని అడిగారు. బడి వయసు పిల్లలలో, మిఠాయి అబద్ధానికి గురైనవారే ఎక్కువగా తిరిగి చూశారు, చూసి ఎక్కువగా అబద్ధమాడారు. అంతకంటే చిన్నవారిలో ఆ తేడా కనబడలేదు. ఐదారేళ్లు వచ్చిన బిడ్డ మన మాటకు లెక్క కట్టడం మొదలుపెట్టిందన్నమాట.

సద్ధర్మపుండరీకంలో తగలబడుతున్న ఇంటి కథ ఉన్నది కదా, ఆటలో మునిగిన పిల్లలను బయటికి రప్పించడానికి తండ్రి బొమ్మ బండ్ల ఆశ చూపలేదా అని కొందరు నన్ను అడిగారు. నిజమే. తండ్రిది అబద్ధమా అన్న ప్రశ్నను ఆ సూత్రం దాటవేయదు, శారిపుత్రుడి చేతనే సమాధానం చెప్పిస్తుంది, కాదని తేలుస్తుంది. కాని ఆ తండ్రి పిల్లలు బయటికి వచ్చాక ఉత్త చేతులు చూపలేదు. చెప్పిన దానికంటే మేలైన బండ్లు ఇచ్చాడు. పైగా అక్కడ ఇల్లు తగలబడుతున్నది. ఒక ముద్ద అన్నం కోసం బూచాడిని పిలిచే ఇల్లు తగలబడుతున్న ఇల్లు కాదు.

శిక్ష సంగతి కూడా చెప్పాలి. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ కలిసి పశ్చిమాఫ్రికాలోని రెండు బడులలో 3, 4 ఏళ్ల పిల్లలను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఒక బడిలో చిన్న తప్పుకు కూడా బెత్తం, చెంపదెబ్బ, గిల్లడం. రెండవ బడిలో మందలింపు మాత్రమే. బొమ్మను చూడవద్దన్న పరీక్షే ఇక్కడా పెట్టారు. చూడకుండా ఉండటంలో రెండు బడుల పిల్లలకూ తేడా లేదు, ఇంచుమించు అందరూ చూశారు. అయితే బెత్తం బడి పిల్లలు ఎక్కువగా అబద్ధమాడారు, అంతే కాదు, ఆ అబద్ధాన్ని దొరకకుండా నిలబెట్టుకోవడంలో ఎక్కువ నేర్పు చూపారు. బెత్తం వారికి నిజాయితీని నేర్పలేదు, అబద్ధమాడినా అతికినట్లు ఉండాలన్న మన సామెతను మూడేళ్లకే వంటబట్టించింది.

కథల విషయంలోనూ ఇంతే. అబద్ధమాడిన తోడేలు కాపరి పిల్లవాడి కథ, ముక్కు పెరిగే కొయ్యబొమ్మ పినోకియో కథ, చెట్టు నరికింది నేనేనని తండ్రితో ఒప్పుకొన్న బాలుడు జార్జి వాషింగ్టన్ కథ - ఈ మూడింటిని 2014లో 3 నుండి 7 ఏళ్ల పిల్లలకు వినిపించి చూశారు. మొదటి రెండు కథలు విన్నవారి ప్రవర్తనలో మార్పు లేదు. నిజం చెప్పినందుకు తండ్రి మెచ్చుకున్న మూడవ కథ విన్నవారు మాత్రమే ఎక్కువగా నిజం ఒప్పుకున్నారు. ఆ కథనే మార్చి చివరికి శిక్షతో ముగిస్తే ఆ ఫలితమూ పోయింది. చించా మాణవికను భూమి మింగిందన్న కథతో మన ధమ్మ తరగతులలో నాలుగవ శీలాన్ని బోధించేవారు దీనిని ఆలోచించాలి. పిల్లలు ఆ కథను చెవులు రిక్కించి వింటారు, సందేహం లేదు. వినడం వేరు.

రాహులుడికి బుద్ధుడు చెప్పిన పాఠంలో భూమి చీలదు. మజ్ఝిమ నికాయంలోని అంబలట్ఠిక రాహులోవాద సుత్తంలో ఉన్నది కాళ్లు కడుక్కున్న పాత్ర మాత్రమే. అందులో అడుగున మిగిలిన కాసిని నీళ్లు చూపించాడు, వాటిని పారబోసి చూపించాడు, పాత్రను బోర్లించి చూపించాడు, మళ్లీ నిలబెట్టి దాని ఖాళీని చూపించాడు. తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడని వాడి శ్రమణత్వం ఇంతేనని చెప్పాడు. అట్ఠకథా సంప్రదాయం అప్పటికి రాహులుడి వయసు ఏడేళ్లంటుంది. ఆ తరువాత వచ్చే భాగాన్నే నేను ముఖ్యమనుకుంటాను. పని చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తరువాత దాని వల్ల తనకో ఇతరులకో బాధ కలుగుతుందా అని చూసుకోమన్నాడు. కాయంతోనో వాక్కుతోనో చేసినది తప్పని తేలితే గురువు వద్దనో తెలిసిన సహచరుల వద్దనో విప్పి చెప్పమన్నాడు, ఇకపై జాగ్రత్తపడమన్నాడు. అక్కడితో సరి, శిక్ష ప్రస్తావనే లేదు. అశోకుడు బైరాట్ శాసనంలో భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకులు, ఉపాసికలు మరల మరల వినవలసిన ధమ్మపాఠాలను పేర్కొంటూ, అసత్యం గురించి రాహులుడికి చెప్పిన ఈ ఉపదేశాన్ని అందులో చేర్చాడు. రాజ్యమేలిన చక్రవర్తి ఒక పిల్లవాడి పాఠాన్ని పెద్దలందరికీ నియమించాడు.

ఇక మన మీదకు వస్తాను. ఏ అబద్ధం తప్పు కాదో చెప్పే జాబితా ప్రతి సమాజం దగ్గరా ఉంటుంది. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమంటారు మన ఊళ్లలో. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి అటువంటి జాబితానే చదువుతాడు. తెలుగు బడిలో చదివిన వారిలో ఆ పద్యం వినని వారు అరుదు. స్త్రీల విషయంలో, పెళ్లిళ్ల విషయంలో, ప్రాణానికీ ధనానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు, గోవులనూ బ్రాహ్మణులనూ కాపాడవలసినప్పుడు బొంకితే పాపం లేదట. పిల్లలు మనసులో వేసే ప్రశ్నను ఆ జాబితాకు వేసి చూడండి: ఈ అబద్ధం ఎవరిని కాపాడుతున్నది? చైనా పిల్లవాడు తరగతిని అన్నాడు, కెనడా పిల్లవాడు స్నేహితుడిని అన్నాడు, శుక్రాచార్యుడు గోవునూ అగ్రజన్ముడినీ అన్నాడు. ప్రాణభయంలో బొంకవచ్చునన్న వెసులుబాటు అందరికీ ఉన్నట్లే కనబడుతుంది. కాని దాహంతో ఉన్న అంటరాని పిల్లవాడు ఆ వెసులుబాటును వాడుకోబోతే ఏమైందో బాబాసాహెబే రాసి పెట్టారు.

ఆయన ఆత్మకథాత్మక రచన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో మొదటి ఘట్టం 1901 ప్రాంతానిది. సతారాలో ఉంటున్న పిల్లలు, గోరేగావ్‌లో కొలువులో ఉన్న తండ్రి దగ్గరకు బయలుదేరి మసూర్ స్టేషనులో దిగారు. తీసుకువెళ్లడానికి ఎవరూ రాలేదు. మంచి బట్టలలో ఉన్న పిల్లలను చూసి జాలిపడిన స్టేషను మాస్టరు, మీరెవరని అడిగాడు. భీమరావు క్షణమైనా ఆలోచించకుండా మహార్లమని చెప్పేశాడు. అతని ముఖం మారిపోయింది, పక్కకు తప్పుకున్నాడు. బండ్లవారు ఎవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండిని పిల్లలే తోలుకునే షరతు మీద ప్రయాణం సాగింది. రాత్రికి టోలుగేటు దగ్గర ఆగారు. వెంట అన్నం ఉన్నది, తాగడానికి నీళ్లు లేవు. గేటు వసూలుదారు హిందువు, నిజం చెబితే నీళ్లివ్వడు, ముసల్మానులమని చెప్పి చూడండని బండివాడు సలహా ఇచ్చాడు. భీమరావు వెళ్లి అలాగే చెప్పాడు, అనుమానం రాకుండా ఉర్దూలో మాట్లాడాడు. అయినా నీళ్లు దొరకలేదు. పిల్లలు ఆకలితోనే పడుకున్నారు.

ఒకే రోజు, ఒకే పిల్లవాడు, ఒకే ప్రశ్న. సాయంత్రం నిజం చెప్పాడు, రాత్రి అబద్ధం చెప్పాడు. నిజానికి దొరికినది అవమానం, అబద్ధానికి దొరికినది దాహం. ఆ అబద్ధాన్ని వాడికి అందించినవాడు ఒక పెద్దవాడన్న సంగతి మరవకండి. అట్ఠసాలిని నాలుగు అంగాలతో కొలిస్తే అది ముసావాదమే. కాదనడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే శీలాన్ని మనకు అనుకూలంగా వంచుకుంటే మన జాబితాకూ శుక్రాచార్యుడి జాబితాకూ తేడా ఉండదు. కాని బరువు సంగతి వేరు. ఎదుటివాడికి పోయినదేమిటి? ఒక చెంబెడు నీళ్లు, అవి కూడా పోలేదు. ఆ రాత్రి దోషం లెక్క వేయవలసి వస్తే ఎక్కువ భాగం, నీళ్లు పోసేముందు కులం అడిగే వ్యవస్థ ఖాతాలోకి వెళ్తుంది. ఆయన విదేశాలలో చదువుకొని బరోడా కొలువుకు వచ్చినప్పుడు కూడా తలదాచుకోవడానికి పారశీకుల సత్రంలో పారశీక నామంతో ఉండవలసి వచ్చింది. పదకొండవ రోజున కర్రలు పట్టుకున్నవారు వచ్చి గదిని ఖాళీ చేయించారు. ఈ రెండు ఘట్టాలనూ ఆయనే బయటపెట్టారు, దాచుకోలేదు.

మన పిల్లలు ఇప్పటికీ ఆ ప్రశ్న ఎదుర్కొంటున్నారు. అద్దె ఇంటి గుమ్మం ముందు మీరేమిట్లు అని, హాస్టల్ గదిలో నీ ఇంటిపేరేమిటని, స్నేహితుడి ఇంట్లో మీది ఊళ్లో ఏ వైపని అడుగుతారు. అప్పుడు తల్లిదండ్రులు పక్కనుండి మెల్లగా ఒక అబద్ధం అందిస్తారు. వారిని నేను తప్పుపట్టను. వానాకాలంలో ఇల్లు దొరకాలి, బిడ్డ చదువు సాగాలి. అయితే ఆ అబద్ధంతో పాటు బిడ్డకు ఇంకొకటి కూడా అందుతుంది. ఇంతకుముందు చెప్పిన అధ్యయనాలలో అన్ని దేశాల పిల్లలకూ తెలిసినది ఒక్కటే: తప్పు చేసినవాడు దాన్ని కప్పిపుచ్చుకోవడానికి అబద్ధమాడతాడు. కాబట్టి మనం దేనిని దాచమంటామో అదే తప్పని బిడ్డ అనుకుంటుంది. తన పుట్టుకే తాను చేసిన నేరమని అనుకుంటుంది. నాకు భయం ఇక్కడే.

ముందు చెప్పిన మూడవ దారి ఇక్కడ పనికి వస్తుంది. ప్రశ్నలకు నాలుగు రకాల సమాధానాలున్నాయని అంగుత్తర నికాయం చెబుతుంది. సూటిగా చెప్పవలసినవి కొన్ని, విభజించి చెప్పవలసినవి కొన్ని, ఎదురు ప్రశ్న వేయవలసినవి కొన్ని, పక్కన పెట్టవలసినవి కొన్ని. అడిగిన ప్రతిదానికీ జవాబు బాకీ ఉన్నామని మన పిల్లలకు ఎవరు చెప్పారు? ఎందుకు అడుగుతున్నారండీ అని మర్యాదగా తిరిగి అడగడం నేర్పవచ్చు. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పనని అనడం నేర్పవచ్చు. మేము బౌద్ధులమని చెప్పడం నేర్పవచ్చు, అది నిజం గనుక. ఇవి అన్ని చోట్లా ఇల్లు సంపాదించి పెట్టవు. ఎనిమిదేళ్ల బిడ్డను గుమ్మం ముందు వీరుడిలా నిలబెట్టమని కూడా నేను అనను, ఆ మాట చెప్పవలసినది పక్కనున్న పెద్దవారు.

పెద్దవారు చేయదగిన పని ఇంకొకటి ఉన్నది, దీనికి ఇంటి యజమాని అనుమతి అవసరం లేదు. ఆదివారం విహారంలో త్రిశరణాలు చెప్పి, సోమవారం బడి దరఖాస్తులో మతం గడి దగ్గర హిందువని రాసే ఇళ్లు మనలో ఉన్నాయి. రిజర్వేషన్ పోతుందని భయం. 1990లో చట్టం మారింది, షెడ్యూల్డు కులాల హోదా బౌద్ధులకు కూడా వర్తిస్తుంది. ధ్రువపత్రం కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసి రావచ్చు, ఆ శ్రమ నాకు తెలియనిది కాదు. కాని ఆ గడిని నింపుతున్నప్పుడు పక్కన నిలబడి చూసేది చదవడం నేర్చిన బిడ్డ.

ఈ సంఘం నడిపే ధమ్మ తరగతుల ఉపాధ్యాయులకు ఒక మనవి. రాబోయే వర్షావాస మాసాలలో ఒక ఆదివారం మసూర్ స్టేషను కథను పిల్లలకు పూర్తిగా చెప్పండి. సాయంత్రపు జవాబు, రాత్రి జవాబు రెండూ చెప్పి, ఆ పిల్లవాడు చేసినది మంచిదా చెడ్డదా, ఎందుకని అడగండి. ఆరేళ్ల వాడు ఒకటి చెబుతాడు, పదకొండేళ్ల పిల్ల మరొకటి చెబుతుంది. సరిదిద్దకండి, తల ఊపకండి, వారు అన్నది అన్నట్లుగా, వయసుతో సహా రాసి పెట్టండి. మనం చెప్పదలచినది ఆ తరువాతి ఆదివారం చెప్పుకోవచ్చు.